నురుగాసురుడు: ఆటలో దుష్టపాత్రను కల్పించు విధము

గత సంవత్సరము మా పాఠశాల వార్షికోత్సవమునకు ప్రదర్శనశాలను ఏర్పాటు చేయుచున్నప్పుడు, తొమ్మిదవ తరగతి విద్యార్థులు అయిదుగురు ఒక నలుబది పుటల నోటు పుస్తకమును తెచ్చి మా బల్లమీద పెట్టిరి. అందు వారు కల్పించిన వీడియో ఆట యొకటి కలదు. కంప్యూటరు లేదు, తెర లేదు. ఉన్నవి పెన్సిలు బొమ్మలు, గళ్ళు, కొన్ని అంకెలు. అయిదుగురు ఒక జట్టు, అయిదుగురు మరొక జట్టు. రంగస్థలము బెళ్ళందూరు చెరువుకట్ట. ఒక జట్టు చెరువును శుభ్రపరచు యంత్రమును కట్ట ఈ చివరనుండి ఆ చివరకు నడుపవలెను. రెండవ జట్టు దానిని ఆపవలెను. ఆపు జట్టునకు పెద్ద దిక్కు నురుగాసురుడు.

పేరు వైరి సమాసము. 'నురుగు' తెలుగు మాట, 'అసురుడు' సంస్కృతము. ఫేనాసురుడనినచో వ్యాకరణము సంతోషించును. కాని వైరికి వైరి సమాసము తగియే యున్నదని మేమూరకుంటిమి.

ఆ మరునాడే ఒక విద్యార్థి తండ్రిగారు మమ్ము కలసికొని, "ఇంట్లో మేము ఫోను పెరుక్కుంటా ఉంటే, బడిలో మీరు కాల్చే ఆటలు గీయిస్తా ఉండారే సార్!" అనిరి. వారి మాటలో న్యాయము కలదు. రాత్రి పండ్రెండు గంటలవరకు ఫోనుమీద తుపాకి పేల్చి, ఉదయమున తరగతిలో కునుకుపాట్లు పడు పిల్లలను మేమును ఎరుగుదుము. అయినను ఆటను ఆడుట వేరు, ఆటను కట్టుట వేరు. ఆడువానికి ఒక గంటలో పది యుద్ధములు ముగియును. కట్టువాడు ఒక్క పాత్ర దగ్గరనే వారము దినములు ఆగిపోవును. అందులోను ఆ పాత్ర దుష్టుడైనచో మరింత ఆగును. అట్లెందుకు ఆగునో చెప్పుటకే ఈ వ్యాసము. ఆ తండ్రిగారికి మేము అప్పుడు నిలుచుండి చెప్పలేకపోయిన సమాధానమును ఇదియే.

ముందుగా ఆ దుష్టుడు పుట్టినచోటు. బెళ్ళందూరు చెరువు మన బొమ్మనహళ్ళికి దూరము కాదు. బెంగళూరు చెరువులలో కెల్ల పెద్దది. విస్తీర్ణము సుమారు 900 ఎకరములు. నగరపు కాలువలు పెక్కు దానిలోనే పడును. శుద్ధిచేయని మురుగునీటిలో బట్టల సబ్బులు, పొడుల రసాయనములు కలసియుండును. ఆ నీరు కట్టమీదినుండి దూకునప్పుడు చిలికినట్లై నురుగు లేచును. 2015లో ఆ నురుగు మనిషి ఎత్తున పేరుకొని, గాలికి లేచి, రోడ్డుమీద పోవు వాహనములపై పడినది. దానికి నిప్పును అంటుకొన్నది. 2017 ఫిబ్రవరిలోను, 2018 జనవరిలోను చెరువునుండి మరల పొగయు మంటయు లేచినవి. నీటిలో నిప్పుండుట పురాణములలో బడబాగ్నిగా మనము చదివితిమి. ఈ పిల్లలు వార్తలలో చూచిరి. వారి రాక్షసుడు ఊహనుండి కాక, కంటిముందున్న చెరువునుండి లేచినాడు.

ఇక ఆటల సంగతి. అయిదుగురు అయిదుగురుగా కూడి ఆడు కాల్పుల ఆటలలో ప్రతి పాత్రకు ఒక పని నియమింపబడి యుండును. ఒకడు ముందు నిలిచి దెబ్బలు కాచును. ఒకడు శత్రువును కొట్టును. ఒకడు తనవారి గాయములు మాన్పును. దుష్టుడైనను ఈ పనులలో ఒకటి చేయవలసినదే. చిక్కంతయు ఇక్కడనే కలదు. కథలోని దుష్టుని మనము దూరమునుండి చూతుము. చివరకు వాడు ఓడునని ముందే తెలియును. ఆటలోని దుష్టుని ఒక బాలుడు చేతికి తీసికొనును. వాని కన్నులతోనే చూచును. మిగిలిన నలుగురును వానిపై ఆధారపడుదురు. సరిసమానులైన జట్లు ఆడినచో సుమారు సగము ఆటలలో వాడు గెలువనే గెలువవలెను. ఓడుటకే పుట్టిన దుష్టుని ఎవరు చేపట్టుదురు? తప్పక గెలుచు దుష్టునికి ఎదురుగా ఎవరు నిలుతురు?

మన తెలుగువారికి దుష్టపాత్రను ప్రేమించుట కొత్త కాదు. 1885లో కడప ప్రాంతపు సురభి గ్రామమున పుట్టిన సురభి నాటక సమాజము మొదట ఆడిన నాటకము 'కీచకవధ'. 1963లో వచ్చిన 'నర్తనశాల' చలనచిత్రమున కీచకుడైన ఎస్. వి. రంగారావుగారిని చూచుటకే జనము వచ్చిరనిన అతిశయోక్తి కాదు. రామునిగా, కృష్ణునిగా పూజలందుకొన్న నందమూరి తారక రామారావుగారే 1958లో 'భూకైలాస్'లోను, 1961లో 'సీతారామ కల్యాణం'లోను రావణుడైరి. వారు రావణుని నవ్వులపాలు చేయలేదు. వాని భక్తిని, వాని విద్యను, వాని గర్వమును సమానముగ ధరించిరి. నటునికి ఒక సౌకర్యము కలదు: ముగింపు వ్రాసియుండును. ఆటగానికి ఆ సౌకర్యము లేదు. కావున ఆట కట్టువాడు ముగింపుచేత కాక, అడుగడుగున నియమములచేతనే దుష్టుని అదుపులో పెట్టవలెను.

పాశ్చాత్యులు ఈ పనిని ఎట్లు చేసిరో చూచుటకు మేము దూరము పోనక్కరలేకపోయెను. ఏలనన, వారి పాత్రలలో ఒకతె హైదరాబాదు పిల్ల. బ్లిజర్డ్ సంస్థవారు 2016 మే నెలలో విడుదల చేసిన 'ఓవర్‌వాచ్' అను ఆటలో సిమ్మెట్రా అను పాత్ర కలదు. అసలు పేరు సత్యా వాస్వానీ. రాబోవు కాలమున జరుగు ఆ కథలో ఆమె హైదరాబాదు పేదవాడలో పుట్టును. విష్కార్ అను గొప్ప సంస్థ ఆమెను తీసికొనిపోయి చదివించును. వెలుగును గట్టిపరచి గోడలుగా, యంత్రములుగా అల్లు విద్యను ఆమె నేర్చును. ఆ అల్లుటలో ఆమె చేతులు మన నాట్యహస్తములవలె కదలును. (వాస్వానీ సింధీల ఇంటిపేరు. హైదరాబాదున సింధీలు లేకపోలేదు. అట్లయినచో ఆమెయు మనవలెనే ఊరిభాష వేరుగా, ఇంటిభాష వేరుగా గల కుటుంబపు పిల్ల. కల్పించినవారు అంత ఆలోచించిరో, ఏదో ఒక భారతీయ నామము చాలుననుకొనిరో!)

ఆమె దుష్టురాలా? 2016లోనే వెలువడిన ఒక బొమ్మల కథలో సంస్థ ఆమెను బ్రెజిలు దేశపు రియో నగరమునకు పంపును. అక్కడ పోటీ సంస్థ భవనము తగులబడును. పేదవాడలోని ఒక చిన్నపిల్ల గాయపడును. సత్యకు సందేహము కలుగును, కాని కథ ముగియు వేళకు ఆమె సంస్థను విడువదు. లోకమునకు క్రమము కావలెనని ఆమె నిజముగానే నమ్మును. అదే రియో వాడలో పుట్టిన లూసియో అను మరొక పాత్రకు మాత్రము విష్కార్ పగవారి సంస్థ. దానిని తన వాడనుండి వెళ్ళగొట్టినవాడతడు. అతని కథలో సత్య దుష్టపక్షము. ఆటలోనో, ఈ యిద్దరు ఒకే జట్టున పడవచ్చును. అతని సంగీతము ఆమె గాయములు మాన్పవలెను. ఒకరి కథలో నాయిక, మరొకరి కథలో ప్రతినాయిక. దుష్టత్వమును పాత్ర నొసట వ్రాయక, ఎవరు చూచుచున్నారను దానియందుంచిన ఈ పద్ధతి మాకు నచ్చినది.

మా విద్యార్థుల మొదటి ప్రయత్నమున ఇది లేదు. వారి పుస్తకమున పాత్రల పట్టిక కలదు: పేరు, బలము, ఆయుధము, భాష. కట్టను కాపాడు అయిదుగురి భాష తెలుగు. నురుగాసురుని ఎదుట 'కన్నడము' అని వ్రాసి యుండెను.

మేము చదివి పుస్తకమును మూయలేదు, మాటాడను లేదు. అయిదుగురిలో ఒక బాలుడు ఎప్పుడును తక్కువగా మాటలాడును. అతడు ఆ గడిని చూచుచు, "మా వీధిలో దొంగా పోలీసు ఆడితే ఎప్పుడూ నేనే దొంగ సార్. నా కన్నడం వింటే నవ్వొస్తాదంట" అనెను. అనంతపురములో శిక్షణ ముగించుకొని ఈ నగరమునకు వచ్చిన తొలి దినములలో బస్సులో టిక్కెట్టు అడుగుటకు మేము పడిన సంకోచము మాకు జ్ఞప్తికి వచ్చినది. ఆ బాలుడు మరేమియు అనలేదు. జట్టులోని బాలిక రబ్బరు తీసికొని ఆ గడిని తుడిచినది.

ఆ గడిని తుడుచుట సులభమే. దానిలో ఏమి వ్రాయవలెననునది కష్టము. దుష్టుడనగనే భాషనో యాసనో తగిలించుట చేతకానివాని దగ్గరదారి. మన చలనచిత్రములను చూడుడు: చాలకాలము ముఠానాయకునికి రాయలసీమ యాస, రౌడీకిని హాస్యగానికిని తెలంగాణ యాస. ఆ యాసలు మాటలాడు కోట్లకొలది సామాన్యులు ఏ పాపము చేసిరి? యాస తీసివేసినపిదప కూడ దుష్టుడు దుష్టుడుగా నిలిచినచో వాడు పాత్ర. నిలువనిచో వట్టి ఎగతాళి. నిలుపునది వాని కోరిక. ఓవర్‌వాచ్‌లోనే డూమ్‌ఫిస్ట్ అను నైజీరియా దేశపు ప్రతినాయకుడు 2017లో ఆటగాండ్ర చేతికి వచ్చినాడు. సంఘర్షణవలననే మానవజాతి బలపడునని వాని సిద్ధాంతము. అది తప్పని మనకు తెలియును. కాని అది ఒక ఆలోచన, వాడు దానికొరకే పోరాడును. వాని ఇనుప పిడికిలి ఆ ఆలోచనకు శరీరము.

నురుగాసురుని కోరిక ఏమి? ఈ ప్రశ్నకు మూడు దినములు పట్టినది. "అందరినీ చంపాలని" అని ఒకడు. "చెరువును ఏలాలని" అని మరొకడు. తుదకు ఆ బాలిక చెప్పినది: "వాడు ఇంటికి రావాలనుకుంటా ఉండాడు సార్. మన ఇండ్లలోనించే కదా పోయినాడు." ఉతికిన నీరు, తోమిన నీరు కాలువబట్టి పోయి చెరువున నురుగై, తిరిగి వీధిమీదికి ఎగిరి వచ్చినది. వాడు దండెత్తి వచ్చుట లేదు, తిరిగి వచ్చుచున్నాడు. ఇది విన్నపిదప మేము ఆ పాత్రకు ఇంక ఏమియు చెప్పనక్కరలేకపోయెను. బాలురు తామే పరుగెత్తిరి.

పిదప రూపము. 2007లో వాల్వ్ సంస్థవారు విడుదల చేసిన 'టీమ్ ఫోర్ట్రెస్ 2'లో తొమ్మిది పాత్రలు కలవు. రంగులు, ముఖములు కనబడకున్నను నీడరూపముచేతనే ఎవడెవడో పోల్చుకొనునట్లు వారు ఆ తొమ్మిదింటిని గీసిరి. శత్రువు దూరమున కనబడిన క్షణములోనే పారిపోవలెనా, నిలువవలెనా యని ఆటగాడు నిర్ణయించుకొనవలెను గదా. ఇది మనవారికి తెలియని విద్య కాదు. ధర్మవరము దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేయువారిని అడుగుడు. తెరమీద పది తలల బొమ్మ పడగనే వెనుకవరుసలోని పసివాడు కూడ రావణుడని కేక వేయును. మా విద్యార్థులు తమ పాత్రలన్నిటిని బొగ్గుతో నల్లగా నింపి, కాగితములను వరండా గోడకు అంటించి, ఇరువది అడుగుల దూరమున నిలిచి చూచిరి. నురుగాసురుడును, యంత్రము నడుపు లావుపాటి మేస్త్రీయు ఒక్కటిగా కనబడిరి. అంతట అసురునికి కాళ్ళు తీసివేసిరి. క్రింద వెడల్పుగా, పైన బుడగలు బుడగలుగా ఇప్పుడు వాడు కదలును.

రూపముతోపాటు శబ్దము. వచ్చుచున్నట్లు ఎదుటివారికి తెలియకుండ వచ్చి చంపు దుష్టుడు భయము పుట్టింపడు, విసుగు పుట్టించును. ఓవర్‌వాచ్‌లో పాత్రలు పెక్కు తమ మహాస్త్రమును ప్రయోగించునప్పుడు ఒక మాటను గట్టిగా పలుకును. విన్నవాడు ప్రక్కకు దూకవచ్చును. కూచిపూడిలో పాత్ర ప్రవేశ దరువుతో తాను ఎవరో చెప్పుకొనియే రంగమునకు వచ్చును. ఈ రాష్ట్రపు యక్షగానమున రాక్షసునిది బణ్ణద వేషము. వాడు అడ్డుతెర వెనుకనుండి పెడబొబ్బలు పెట్టి, కొంచెము కొంచెముగా ముఖము చూపి, పిమ్మట గాని బయటపడడు. ఆ ఆలస్యమే భయము. నురుగాసురునికి పిల్లలు సోడా సీసా మూత తీసినప్పటి బుస శబ్దమును ఇచ్చిరి. బుస వినిపించిన రెండు సెకనులకు నురుగు లేచును.

బలహీనత లేని బలము ఆటను చెరచును. టీమ్ ఫోర్ట్రెస్ 2లోని గూఢచారినే చూడుడు. వాడు శత్రువుల వేషమే వేసికొని వారి నడుమ తిరిగి, వెనుకనుండి ఒక్క పోటుతో చంపును. ఇంత బలమునకు వెల ఏమనగా, స్థూలకాయుడైన హెవీకి ప్రాణబలము 300 కాగా వీనికి 125 మాత్రమే. అంతకన్న సొగసైన కిటుకు మరొకటి కలదు. ఒక జట్టువారు ఒకరిలోనుండి ఒకరు చొచ్చుకొని పోగలరు. వేషధారి పోలేడు, తగులుకొనును. తగులగనే గుట్టు బయటపడును. 1957 నాటి 'మాయాబజారు'లో శశిరేఖ రూపమున నున్న ఘటోత్కచుని సావిత్రిగారు అభినయించిన తీరు చూచినవారికి ఇది వెంటనే అర్థమగును: రూపము శశిరేఖది, నడక మాత్రము నడుమ నడుమ జారి రాక్షసునిదగును. పోల్చవలసినవాడు ఆ నడకనే పోల్చవలెను. అన్నట్లు ఘటోత్కచుడు రాక్షసుడే అయినను పాండవుల జట్టువాడు. చేతికి తీసికొని ఆడదగిన రాక్షసుడన్నచో మాకు మొదట తోచువాడు అతడే.

నురుగాసురుని బలహీనతను చెరువే ఇచ్చినది. బెళ్ళందూరు నురుగు మండును. వాడు పరచిన నురుగులో శత్రువునకు రెండు గళ్ళకు మించి కనబడదు. కాని ఎదుటి జట్టులోని కాగడావాడు నిప్పు పెట్టినచో ఆ నురుగే వానిని కాల్చును. బలమును బలహీనతయు ఒకే వస్తువులో నుండుట చూచి మేము ఆనందించితిమి. చదువరులు దీనిని పక్షపాతమనుకొన్నను సరే, ఈ ఒక్క విషయమున మా పిల్లలు ఆ గొప్ప సంస్థలవారికి తీసిపోలేదు.

తరువాతిది పరీక్ష. పాఠశాల ఆవరణలో సుద్దముక్కతో అడ్డముగా పండ్రెండు, నిలువుగా పండ్రెండు గళ్ళు గీసిరి. నురుగునకు చింతగింజలు, ఆటగాండ్రకు క్యారమ్ బిళ్ళలు. ఒక ఎత్తు అనగా రెండు సెకనులు. మొదటి దినమున వాని జట్టువారే వానిని తిట్టిరి. ఏలనన నురుగులో వారికిని దారి కనబడకపోయెను. ఓవర్‌వాచ్‌లోని విడోమేకర్ అను ప్రతినాయిక చూపునకు గోడల వెనుకనున్న శత్రువులు తనకే కాక తన జట్టువారందరికిని కనబడుదురని మేము వారికి చెప్పితిమి. దుష్టుడైనను తన నలుగురికి ఉపకారి కావలెను. నురుగు వాని జట్టునకు పారదర్శకమని నియమము మార్చిరి. రెండవ దినమున వాడు ఓడుటయే మానెను. కాగడా నిప్పును పెంచిరి. మూడవ దినమున వానిని తీసికొనువాడే లేకపోయెను. మండు నురుగు దగ్గరనున్న కాగడావానిని కూడ కాల్చునని మరల మార్చిరి. అప్పుడు ఆట కుదిరినది: నిప్పు పెట్టువాడు ఒక్క క్షణము ఆలోచించును, నురుగు పరచువాడును ఆలోచించును. పుస్తకమున ఆ పుట తుడుపులతో చిరిగి, వెనుక మరొక కాగితము అంటింపబడి యున్నది.

మిగిలినది భాష గడి. నురుగు అన్ని ఇండ్లనుండి పోయినది కావున వాడు అన్ని ఇండ్ల భాషలును మాటలాడునని నిశ్చయించిరి. బుస తరువాత ఒక మాట తెలుగు, ఒక మాట కన్నడము, ఒకటి తమిళము, ఒకటి ఉర్దూ. ప్రదర్శనశాలలో ఆ గొంతును వినిపించుట ఎవరని ప్రశ్న రాగా, దొంగ వేషపు బాలుడు చేయి ఎత్తెను. ఈసారి ఎవరును వానికి ఆ వేషము అంటగట్టలేదు. కన్నడము బోధించు ఉపాధ్యాయినిగారు అతని కన్నడ వాక్యమును రెండుచోట్ల దిద్దిరి. మూడవచోట అతడు, "అది అట్లే ఉండనీండి మేడం. నురుగు అట్లే మాట్లాడతాది" అనెను. ఆమె నవ్వి విడిచిపెట్టిరి.

ప్రదర్శన దినమున మొదట మమ్ము మందలించిన తండ్రిగారును వచ్చిరి. గళ్ళ ప్రక్క కొంతసేపు నిలిచి, చెప్పులు విడిచి, నేలమీద చతికిలబడి, చింతగింజలు చేతికి తీసికొనిరి. వారు కోరినది నురుగాసురునే. "ఈ నురుగు ఎన్ని ఎత్తులు నిలుస్తాదప్పా?" అని అడిగిరి. "నాలుగు" అని ఇద్దరు, "అయిదు" అని ముగ్గురు ఒక్కసారిగా పలికిరి.